మొదట వచ్చినవాడి భాష

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. రాత్రంతా ఈశాన్యం గాలి తోసుకొచ్చిన మబ్బు అఖాతం మీద అడ్డంగా పడుకుంది. తెల్లవారేసరికి గాలి పడిపోయింది గాని మబ్బు లేవలేదు. తూర్పున నీటికీ మబ్బుకీ మధ్య బెత్తెడు సందులో పసుపు వెలుగు కనబడింది, మూసుకుపోయింది, మళ్లీ కనబడింది. ఒడ్డు పొడుగునా చివరి మంచుగడ్డలు మురికి పట్టి, కరగడానికి తమకేం తొందర లేదన్నట్టు కూర్చున్నాయి.

ఒనిల్ జియోనే రేవుగట్టు మీద నిలబడి చాలాసేపు దాన్ని చూశాడు. రేపు పొద్దున్నే లాబ్‌స్టర్లని, ఆ పెద్ద సముద్రపు రొయ్యల్ని, పట్టే బోనులు నీళ్లలోకి దించాలి. ఏడాదికి ఒక్కసారి వచ్చే రోజు. పాస్కాల్ అనే ఈ రేవులో పడవలన్నీ అప్పటికే బోనులు ఎత్తుకుని గడ్డిబళ్లలా బరువుగా ఊగుతున్నాయి. తను వెళ్లేది లేదు. నడుము దెబ్బతిని పడవ దిగిపోయి చాలాకాలమైంది. రెండేళ్లు కాలేజీకి పోయి కంప్యూటరు పని నేర్చుకుని, ఇప్పుడు రేవు సహకార సంఘంలో ఆ పనే చూస్తున్నాడు. అయినా బోనుల ముందురోజు ఆకాశం చూడకుండా ఆఫీసులో కాలు పెట్టడం అతనికి చేతకాదు.

చూడటం అయ్యాక ఇంటికి పోయి కాఫీ పెట్టుకున్నాడు. సగం తాగాడో లేదో ఫోను మోగింది. ఆల్బెర్తీన్ అత్త. సంఘం ఆఫీసులో ముప్పై ఏళ్లుగా ఫోనెత్తే మనిషి.

"ఒరే, ఎక్కడున్నావురా? ఇక్కడ కొంపలంటుకున్నాయి."

"ఏమైంది అత్తా?"

"ఏమైందో నాకేం తెలుసు? నీ ఫారం ఇంగ్లీషుదైపోయింది. వాల్మోన్ వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోడం లేదు. రా."

ఒనిల్ కాఫీ అక్కడే వదిలేసి లేచాడు.

ఆ ఫారం సంగతి కొంత చెప్పాలి, ఈ రేవులో అందరి ఇంటి భాషా ఫ్రెంచి అన్న సంగతితో సహా. ఇదివరకు ఎర కావాలన్నా ఐసు కావాలన్నా సరంగులు ఆల్బెర్తీన్‌కి ఫోను చేసేవాళ్లు. ఆవిడ రాసుకునేది. వాళ్లు వాతావరణం గురించి, అల్లుళ్ల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పి పెట్టేసేవాళ్లు. ఈ ఏడాది నుంచి ఎవరి ఫోనులో వాళ్లే సంఘం పేజీ తెరిచి, గడి మీద వేలు పెడితే కిందికి జారే జాబితాలోంచి తమక్కావలసిన ఎర ఎంచుకోవాలి. ఉప్పు పట్టిన హెర్రింగు చేపా, పచ్చి హెర్రింగా, కానగంత చేపా, ఇంకోటా. డ్రాప్‌డౌన్ అంటారు దాన్ని.

ఇలాంటి ఫారాలు కట్టడానికి తయారుచట్రాలు దొరుకుతాయి. వాటిని ఫ్రేమ్‌వర్కులంటారు. చట్రంతో పాటు కొన్ని మాటలు వస్తాయి: 'పంపండి', 'ఈ గడి ఖాళీగా వదలకూడదు' లాంటివి. వాటికి ఫ్రెంచి ఎవరో ఎక్కడో ఎప్పుడో రాసిపెట్టి ఉంచారు. జాబితాలో మాటలకి మాత్రం ఎవరూ రాయరు. అవి ఏ రేవువి ఆ రేవువే. లోపల ఇంగ్లీషులో రాసి, పక్కన ఫ్రెంచి మాట ఇచ్చుకోవాలి. పోయిన చలికాలమంతా ఒనిల్, ఆల్బెర్తీన్ పక్కపక్కన కూర్చుని ఆ పనే చేశారు. ప్రభుత్వం వేసిన మాటల పుస్తకంలో ఎరకి ఒక పెద్దమనిషి మాట ఉంది. ఆల్బెర్తీన్ దాన్ని పైకి చదివి కళ్లజోడు తీసేసింది.

"ఈ మాట వింటే మనవాళ్లు మందుల షాపుకి పోతారురా. కొట్టెయ్. రేవులో ఏమంటామో అదే రాయి."

రేవులో అనేదే రాశాడు. చేప చేపకీ అలాగే. ప్రతి మాటా ఇద్దరు ముగ్గురు సరంగుల నోట ఆడించి గాని రాయలేదు. ఆ ఫ్రెంచి అంటే అతనికి కొంచెం గర్వం. ఎవరితో అనలేదు గాని ఉంది.

ఇప్పుడు ఆ మాటలే మాయమయ్యాయట.

ఆఫీసులో వాల్మోన్ మాలే నిజంగానే నిలబడి ఉన్నాడు. రేవు కమిటీ పెద్ద. డెబ్భై దాటినా ఇంకా తన బోనులు తానే ఎత్తే మనిషి. చేతిలో ఫోనుని పాడైన చేపని పట్టుకున్నట్టు తోక దగ్గర పట్టుకున్నాడు.

"ఏంట్రా ఇది?"

"చూపించు బాబాయ్."

చూశాడు. పైన శీర్షికలు ఫ్రెంచిలోనే ఉన్నాయి. సంఘం పేరు ఫ్రెంచిలోనే ఉంది. 'పంపండి' అనే బొత్తం కూడా అంతే. గడి మీద వేలు పెట్టాడు. జాబితా జారింది. మొత్తం ఇంగ్లీషు.

"నిన్న సాయంత్రం బాగానే ఉందిగా?"

"నన్నడుగుతావేంట్రా? నేనా కట్టింది?" అన్నాడు వాల్మోన్. "నాకు ఇంగ్లీషు రాదనుకోకు. చదవగలను. కానీ మా నాన్న ఎర కొన్న మాటతో నేను ఎర కొంటా. ఆ మాట నా ఫోనులోంచి ఎవడు తీసేశాడు? అదీ ఏ రోజున!"

ఏ రోజున అన్నది ఒనిల్‌కి వెంటనే అర్థమైంది. ఆల్బెర్తీన్‌కీ అర్థమై కాగితాలు సర్దడం మొదలెట్టింది.

పదకొండు గంటలకి వలల షెడ్డులో చీటీలు తీస్తారు. రేవులో ఏ పడవ ఏ చోట కట్టుకోవాలో ఏటా ఆ చీటీలే చెబుతాయి. కొత్త పేరు ఉంటే టోపీలో వేసే ముందు వాల్మోన్ అందర్నీ అడుగుతాడు: అభ్యంతరం ఎవరికైనా ఉందా అని. ఒక్కడు ఉందన్నా ఆ పేరు మళ్లీ ఏడాదికే. ఈసారి కొత్త పేరు ఒక్కటే. ఎల్డన్ డెంప్సీ. ఒనిల్ చెల్లెలు జెలీ మొగుడు. ఇంగ్లీషువాడు. పెళ్లయినప్పటినుంచీ కాపురం ఈ ఊళ్లోనే గాని, పడవ మాత్రం అఖాతం మలుపులో వాళ్ల నాన్న రేవులో ఉండేది. పోయిన శరదృతువులో తుఫాను ఆ రేవుని విరిచి పట్టుకుపోయింది. ఇక్కడ చోటు దొరక్కపోతే గంటన్నర దూరంలో ఇంకో రేవుకి పోవాలి. వారమంతా పడవలోనే పడుకోవాలి. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. పేరు టోపీలో వెయ్యమని సంఘంలో అడిగింది ఒనిలే.

"జనం ఏమంటున్నారో తెలుసా?" అన్నాడు వాల్మోన్. "ఒక్క ఇంగ్లీషోడు వస్తున్నాడో లేదో, వాడి కోసం బావమరిది రేవు మొత్తం నాలుక తిప్పించాడంటున్నారు."

"నువ్వూ అంటున్నావా బాబాయ్?"

"నేనింకా ఏమీ అన్లేదు. పదకొండు గంటలకి అంటాను, అనాల్సొస్తే." ఫోను జేబులో పడేసుకున్నాడు. "ఇంకో మాట. ఎర పెట్టెలు అందించే ఎర్వే పొద్దుట్నించీ కోల్డ్ స్టోరేజి తలుపు దగ్గర కూర్చున్నాడు. వాడి దగ్గరికి వచ్చిన ఆర్డరు ఒకే ఒక్కటి. ఎవరిదో చెప్పనా?"

చెప్పనక్కర్లేదు.

వాల్మోన్ వెళ్లిపోయాడు. ఒనిల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముందు అనువాదాల ఫైలు తెరిచాడు. మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. ఇంగ్లీషు పక్కన ఫ్రెంచి, చలికాలంలో పెట్టినవి పెట్టినట్టే. మాటలు ఉన్నాయి, వాటిని ఎవరూ పిలవడం లేదు, అంతే.

తెల్లారకట్ట తను చేసిందేమిటో గుర్తు చేసుకున్నాడు. వాల్మోనే నిన్న అడిగాడు, జాబితాలో ఉప్పు కానగంత లేదేమని. అది చేర్చి, ఇంటి దగ్గర్నించే సర్వర్‌ని ఒకసారి ఆపి మళ్లీ లేపాడు. అంతే. తర్వాత ఆకాశం చూడటానికి రేవుకి పోయాడు.

ఏమీ తోచనప్పుడు ఎవరైనా చేసే పనే చేశాడు. సర్వర్‌ని మళ్లీ ఆపి లేపాడు. పేజీ తెరిచాడు. గడి మీద నొక్కాడు.

జాబితా ఫ్రెంచిలో జారింది. చలికాలపు మాటలన్నీ, ఒక్కటి తప్పకుండా.

"అత్తా! వచ్చేసింది."

ఆల్బెర్తీన్ వచ్చి భుజం మీంచి చూసింది. "ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదు."

"ఏమీ చెయ్యకుండానే వచ్చిందంటే, ఏమీ చెయ్యకుండానే పోతుంది కూడా" అంది ఆవిడ. అని, అయినా ఫోనందుకుని, వాల్మోన్‌కి చెప్పడానికి నంబరు నొక్కింది. మధ్యలో ఎర్వే వచ్చాడు, చేతులు ఊదుకుంటూ. ఆర్డర్లు రావడం మొదలైందన్నాడు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుకుంటున్నారు. ఎర్వే భార్య మొన్న బూట్లు మార్చి వేసుకుని చర్చికి పోయిన కథ సగంలో ఉంది.

తలుపు తెరుచుకుంది. ఎల్డన్ లోపలికొచ్చాడు.

కథ ఆగలేదు. ఎర్వే అదే ఊపిరిలో, అదే వాక్యం సగం నుంచి ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు. ఆల్బెర్తీన్ ఫోనులో వాల్మోన్‌తో ఫ్రెంచిలో అంటున్నదల్లా, ఫోను పెట్టేస్తూ చివరి రెండు మాటలు ఇంగ్లీషులో అంది. ఎదురుగా కూర్చున్న ఒనిల్ నోరు కూడా, తనకి తెలియకుండానే, తిరిగిపోయింది.

"రా బావా, కూర్చో."

ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇక్కడ పుట్టినవాళ్లకి అది తుమ్ము లాంటిది. గదిలో పదిమంది ఉండి, ఫ్రెంచి రానివాడు ఒక్కడు వస్తే పదిమందీ ఇంగ్లీషులోకి తిరిగిపోతారు. మర్యాద అనుకుంటారు. కొందరు పాత భయం అంటారు. రెండూ కావచ్చు.

ఎల్డన్ కూర్చోలేదు. పొడుగాటి మనిషి, తలుపు కింద వంగి వచ్చి, వంగినట్టే ఉండిపోయాడు.

"బావా, రేవులో విన్నాను" అన్నాడు. "నేనేమైనా నొక్కకూడనిది నొక్కానా?"

"నువ్వేం నొక్కావు?"

"తెల్లారకట్ట లేచి ఎర ఆర్డరు పెట్టాను. నా ఫోనంతా ఇంగ్లీషేగా, పేజీ అలాగే వచ్చింది. సరే, ఇక్కడి రేవుకి ఆర్డరు, ఇక్కడి మాటల్లోనే పెడదామని 'ఫ్రెంచి' అని ఉన్నచోట నొక్కాను. పైన అంతా తిరిగింది. జాబితా మాత్రం తిరగలేదు. నాకు రాక అనుకున్నాను." ఫోను తీసి చూపించాడు. "ఇప్పుడు చూడు. ఇప్పుడు ఇంగ్లీషు పెట్టినా జాబితా ఫ్రెంచిలో వస్తోంది."

ఒనిల్ ఆ ఫోను తీసుకున్నాడు. నిజమే. శీర్షికలు ఇంగ్లీషు, జాబితా ఫ్రెంచి. తలకిందులైంది.

"ఇలాగే ఉంచెయ్" అన్నాడు ఎల్డన్. "నాకు అర్థమవుతుంది. అర్థం కానిది జెలీని అడుగుతా. గొడవెందుకు?"

ఒనిల్ ఫోను తిరిగిచ్చాడు. ఎల్డన్‌ని చూశాడు. తర్వాత ఎర్వేని చూశాడు. ఎర్వే ఇంకా ఇంగ్లీషులోనే, భార్య బూట్ల కథ చివరికి తెచ్చి, ఒక్కడే నవ్వుకుంటున్నాడు.

"తెల్లారకట్ట అంటే ఎంత తెల్లారకట్ట?"

"చీకటుంది ఇంకా. ఎందుకు?"

"నీకంటే ముందు ఎవరూ రాలేదు" అన్నాడు ఒనిల్, తనలో తాను అనుకున్నట్టు. "తర్వాత నేను లేపినప్పుడు నాకంటే ముందు ఎవరూ రాలేదు."

కుర్చీ తిప్పుకుని కంప్యూటరు వైపు తిరిగాడు. తన రాత తెరిచాడు. జాబితా ఎక్కడ కట్టాడో ఆ వరసల దగ్గర ఆగాడు. ప్రతి మాట ముందూ 'దీన్ని అనువదించు' అనే ఆజ్ఞ ఉంది. బాగానే ఉంది. కానీ ఆ ఆజ్ఞ ఎప్పుడు నడుస్తుంది? సర్వర్ లేచాక మొదటిసారి ఎవరో తలుపు తట్టినప్పుడు. ఆ వచ్చినవాడిది ఏ భాషో ఆ భాషలోకి జాబితా అప్పటికప్పుడు తిరుగుతుంది. తిరిగి, గట్టిపడిపోతుంది. తర్వాత ఎందరొచ్చినా, ఎన్ని బొత్తాలు నొక్కినా, మళ్లీ సర్వర్ పడి లేచేదాకా కదలదు.

ఇన్నాళ్లూ బయటపడలేదంటే కారణం ఉంది. సర్వర్ లేపిన ప్రతిసారీ మొదట తనే తెరిచి చూసుకునేవాడు, ఫ్రెంచిలో. పైగా సంఘంలో ఇంగ్లీషు ఫోనున్నవాడు ఒక్కడూ లేకపోయె. ఈ పొద్దున్న లేపి, చూసుకోకుండా ఆకాశం చూడటానికి పోయాడు.

"నవ్వుతున్నావేంట్రా?" అంది ఆల్బెర్తీన్.

"ఏం లేదత్తా. నా ఫారం మన ఊళ్లోనే పుట్టినట్టుంది."

ఆవిడకి అర్థం కాలేదు. అతను చెప్పడానికి ఆగలేదు. టైము పదిన్నర అవుతోంది.

చెయ్యాల్సింది పెద్ద పని కాదు. జాబితా కట్టేటప్పుడు అనువదించకూడదు. 'అడిగినప్పుడు అనువదిస్తాను' అనే మాట ఒకటి ఇచ్చి ఊరుకోవాలి. ఎవరైనా వచ్చి జాబితా జార్చినప్పుడు, ఆ మనిషి ఎవరో చూసి, ఆ మనిషికి మాత్రం, అప్పుడు తిప్పాలి. చట్రం కట్టినవాళ్లు దానికీ ఒక ఆజ్ఞ ఇచ్చారు. దాని పేరు సోమరి అనువాదం.

"సోమరి ఏంట్రా?" అంది ఆల్బెర్తీన్, తెర మీదకి వంగి.

"పేరే అంత అత్తా. చివరి నిమిషం దాకా పని ముట్టుకోదు."

"మీ బాబాయి ఒకడుండేవాడు అలాగే. ఐతే ఆయన చివరి నిమిషంలో కూడా ముట్టుకునేవాడు కాదు."

ఎర, ఐసు, చోటు, పడవ రకం. నాలుగు జాబితాల్లోనూ పాత ఆజ్ఞ తీసి సోమరిది పెట్టాడు. సర్వర్ ఆపి లేపాడు. ఈసారి తను తెరవలేదు. పేజీ ముట్టుకోకుండా లేచి కోటు తొడుక్కున్నాడు.

"పద బావా. నువ్వే మొదట తెరవాలి. అందరి ముందూ."

ఎల్డన్ గుమ్మం దగ్గరే ఆగాడు. "అందరి ముందా? అది సరిగ్గా లేకపోతే?"

"లేకపోతే అందరి ముందే తిట్లు తింటాను."

వలల షెడ్డులో తారు వాసన, తడి తాళ్ల వాసన. సరంగులు బోర్లించిన పీపాల మీద, చుట్టిన తాళ్ల మీద కూర్చుని ఉన్నారు. ఒక మూల స్టవ్ మీద పెద్ద కుండ ఉడుకుతోంది. వాల్మోన్ టోపీ తీసి, లోపలి చీటీలు కదుపుతున్నాడు. ఎల్డన్ వంగి లోపలికి రాగానే మాటలు తగ్గాయి. ఇంగ్లీషులోకి తిరగలేదు, తగ్గాయి. అది మంచి లక్షణం కాదని ఒనిల్‌కి తెలుసు.

"చీటీలకి ముందు నాకో మాట ఉంది" అన్నాడు. ఫ్రెంచిలోనే అన్నాడు. తిప్పలేదు. "పొద్దున్న జాబితా ఇంగ్లీషులోకి పోయింది. ఎవరూ చెప్పి చేయించింది కాదు. సర్వర్ లేచాక మొదట ఎవరు తెరిస్తే వాళ్ల భాషలో గట్టిపడిపోయింది. మొదట తెరిచింది ఎల్డన్."

పీపాల మీద గుసగుస లేచింది. "చెప్పలా?" అన్నాడు ఒకడు.

"తెరిచినోడి తప్పు కాదు. కట్టినోడి తప్పు. నాది." ఊపిరి తీసుకున్నాడు. ఇంతమంది ముందు మాట్లాడటం అతనికి అలవాటు లేదు. "పోయిన నెల బాజిల్ తాత చావింట్లో కూర్చున్నాం మనం. ఇల్లు పట్టనంతమంది. తాతని చూడ్డానికి ఆ చేపల లారీ డ్రైవరొచ్చాడు, ఇంగ్లీషాయన. ఏం చేశాం?"



"ఏం చేస్తాం, ఇంగ్లీషులో మాట్లాడాం" అన్నాడు వెనకనించి ఒకడు. "బాజిల్ తాత గురించి కూడా ఇంగ్లీషులోనే ఏడ్చాం."

"పెద్దమ్మ జపమాల ప్రార్థన కూడా ఇంగ్లీషులోకి తిప్పేసింది" అన్నాడు ఇంకొకడు.

షెడ్డు ఘొల్లుమంది.

"నా ఫారం అదే చేసింది" అన్నాడు ఒనిల్.

నవ్వు కొంచెంసేపు ఉంది. వాల్మోన్ నవ్వలేదు గాని మీసం కదిలింది.

"ఆయన వెళ్లాక మళ్లీ మన మాటలోకి వచ్చాంగా?" అన్నాడు వాల్మోన్.

"దానికి వెనక్కి రావడం తెలీదు బాబాయ్. అది నేర్పి వచ్చాను. ఇప్పుడు గదిలో ఎవరున్నారో చూడదు. అడిగినవాడి మాట అడిగినవాడికిస్తుంది. ఎల్డన్ మొదట తెరుస్తాడు, ఇంగ్లీషులో. తర్వాత నువ్వు తెరువు. నీకు నీ మాటలు రాకపోతే వచ్చే చలికాలమంతా నీ తాళ్లకి నేను తారు పూస్తా."

"ఈ మాట అందరూ విన్నారుగా?" అన్నాడు వాల్మోన్, షెడ్డు నలుమూలలా చూస్తూ.

విన్నామన్నారు.

ఎల్డన్ ఫోను తీశాడు.  గడి నొక్కి, ఫోను ఎత్తి చూపించాడు. ఇంగ్లీషు జాబితా. వాల్మోన్ తన ఫోను తీసి, కళ్లకి దూరంగా పట్టుకుని, బొటనవేలుతో ఒకసారి నొక్కాడు. చాలాసేపు చూశాడు. పెదాలు కదిలాయి. ఒక్కో మాటా చదువుకుంటున్నాడు.

"ఉప్పు కానగంత పెట్టావు" అన్నాడు.

"పెట్టాను."

"అడుగున పెట్టావు."

"పైకి తెస్తాలే బాబాయ్."

వాల్మోన్ ఎల్డన్ ఫోను వైపు చేయి చాచాడు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. రెంటిలోనూ అవే చేపలు, అదే వరస. పక్కనున్నవాడికి చూపించాడు. వాడు తన పక్కవాడికిచ్చాడు. ఆ రెండు ఫోన్లూ షెడ్డంతా తిరిగి, తారు వేలిముద్రలు పడి, తిరిగొచ్చాయి.

వాల్మోన్ టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. ఏటా అడిగే మాట అడిగాడు.

"కొత్త పేరుంది. ఎల్డన్ డెంప్సీ. అభ్యంతరం ఎవరికైనా ఉందా?"

స్టవ్ మీద కుండ మూత టకటకమంటోంది. 

"నాకుంది" అన్నాడు వాల్మోన్.

 ఎల్డన్ కళ్లు నేల మీదికి పోయాయి.

"నువ్వు ఈ ఊరి పిల్లని చేసుకుని ఇన్నేళ్లయింది" అన్నాడు వాల్మోన్, ఎల్డన్‌తోనే, ఫ్రెంచిలో, నిదానంగా. "నీ నోట మా మాట ఒక్కటి నేను వినలేదు. రేపు నీ పక్క పడవ నాదైతే, పొగమంచులో నేను కేకేస్తే, నీకు తెలియాలా వద్దా?"

ఒనిల్ బావ తరఫున చెప్పబోయాడు. ఎల్డన్ చేయి అడ్డుపెట్టాడు. ఫ్రెంచి వెతుక్కుంటూ, ఒక్కో మాటా బరువైన పెట్టె ఎత్తినట్టు ఎత్తాడు.

"నాకు... వస్తుంది. కొంచెం. జెలీ నేర్పుతుంది. పిల్లలు నవ్వుతారు. నేను... బేకరీలో మొదలు పెడతా. అమ్మాయి ఇంగ్లీషు. చర్చిలో మొదలు పెడతా. ఫాదరు ఇంగ్లీషు. మీ దగ్గర మొదలు పెడతా..." ఆగాడు. సరైన మాట దొరకలేదు. ఉన్న మాటలతోనే ముగించాడు. "మీరందరూ చాలా మర్యాద. నన్ను మాట్లాడనివ్వరు."

మొదట నవ్వింది ఎర్వే. తర్వాత అందరూ. ఎక్కడో వెనక నుంచి ఒకడు, "నిజమేరా, నిన్న నేనే తిప్పాను" అన్నాడు. వాల్మోన్ అందరి నవ్వూ ఐపోయేదాకా ఎల్డన్ మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.

"నేను కూడానా?" అన్నాడు చివరికి.

"మీరు... ఎక్కువ."

వాల్మోన్ గడ్డం గోక్కున్నాడు. ఒక చీటీ ముక్క తీసి, పెన్సిలు నాలుకకి తడి చేసుకుని, పేరు రాశాడు. మడిచి టోపీలో వేసి కలిపాడు.

"సరే. ఇకనుంచి నీతో ఎవడైనా ఇంగ్లీషు మాట్లాడితే నాకు చెప్పు. వాడి బోనుల తాళ్లకి ముళ్లేస్తా. కొత్తవాడు ముందు తియ్యాలి. రా, తియ్యి చోటు చీటీ."

చోట్ల అంకెలున్న రెండో టోపీలోంచి ఎల్డన్ ఒక చీటీ తీశాడు. విప్పి చూసి, అంకెని ఫ్రెంచిలో చదవబోయి, రెండుసార్లు తప్పి, మూడోసారి చెప్పాడు.

షెడ్డు మళ్లీ ఘొల్లుమంది. రేవు చిట్టచివరి చోటు. ఈశాన్యం గాలి నేరుగా వచ్చి కొట్టేది. అక్కడ పడవ కట్టినవాడు రాత్రుళ్లు నిద్రలో కూడా తాళ్లు బిగిస్తాడంటారు. అందరూ ఒకే నోటితో ఎల్డన్‌ని ఫ్రెంచిలోనే వెక్కిరించారు. ఒకడు రెండు దుప్పట్లు అప్పిస్తానన్నాడు. ఇంకొకడు, జెలీని అడిగి ఇంట్లోనే పడుకో, పడవ ఎలాగూ ఈదుకుంటూ వచ్చేస్తుందన్నాడు. ఎల్డన్‌కి సగం అర్థమైంది. ఆ సగానికే చెవులు ఎర్రబడేదాకా నవ్వాడు. ఎవరూ ఇంగ్లీషులో తిరిగి చెప్పలేదు. అర్థం కాని సగాన్ని అతనికే వదిలేశారు.

మిగతా చీటీలు ఒక్కొక్కటీ పోయాయి. ప్రతి చీటీకీ ఒక గొణుగుడు, ఒక నవ్వు. ఒనిల్ గోడకి ఆనుకుని నిలబడి ఫోనులో ఆర్డర్లు చూసుకున్నాడు. షెడ్డులో కూర్చునే పెడుతున్నట్టున్నారు. వరసగా వచ్చి పడుతున్నాయి. వచ్చిన ప్రతిదీ చలికాలంలో ఆల్బెర్తీన్‌తో కూర్చుని రాసిన మాటలోనే వచ్చింది. తెల్లారకట్టది ఒకటి తప్ప. దాన్ని ముట్టుకోలేదు. అదీ ఆర్డరేగా.

ఎర్వే కోల్డ్ స్టోరేజికి పరుగెత్తాడు, ఎర పెట్టెలు బయటపెట్టడానికి. వాల్మోన్ లేచి, ఎల్డన్‌ని వెంటబెట్టుకుని గట్టు చివరికి పోయాడు. అక్కడ ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా ఎల్డన్ చూడటం, ఆయన మోకాలి మీద వంగి తాడు ఎలా చుట్టాలో చేసి చూపించడం ఒనిల్ తలుపులోంచి చూశాడు. ముసలాయన నోరు ఆగకుండా కదులుతోంది. ఏ భాషలోనో ఇంత దూరానికి వినబడలేదు. మబ్బు పడమటి వైపు పలచబడింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి ఆల్బెర్తీన్ కుండ దించింది. కోడి ముక్కలు, బంగాళాదుంపలు, పిండి ముద్దలు, పైన ఎండబెట్టిన సావరీ అనే వాసనాకు. ఏటా ఈ రోజున షెడ్డులో అందరూ తినేది ఇదే, ఈ పులుసు. గిన్నెలు సరిపోక కొందరు మూతల్లో పోసుకున్నారు. ఎల్డన్‌కి కూర్చోవడానికి చోటు లేకపోతే వాల్మోన్ తన పీపా మీద కొంచెం జరిగాడు.

గాలి లేదు. తలుపు బారుగా తెరిచి ఉంది. బయట బోనులు ఎత్తుకున్న పడవలు ఒకదాన్నొకటి మెల్లిగా రాసుకుంటున్నాయి. లోపల ఆవిరి లేచే గిన్నెల మీద తలలు వంచి, రేపటి నీళ్లు ఎవరికి వాళ్లు మనసులో చూసుకుంటూ, అందరూ తిన్నారు. చెంచాల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఆల్బెర్తీన్ గరిటె పట్టుకుని తిరిగింది. గిన్నె చాచినవాడికల్లా పోసింది. ఎల్డన్ రెండోసారి చాచాడు.